పక్క కుర్చీలో లాయరు

కాలిఫోర్నియాలోని ఒక కౌంటీలో తొమ్మిదేళ్లుగా 911 డిస్పాచర్‌గా, అంటే అత్యవసర ఫోన్లు అందుకుని అంబులెన్సునో పోలీసులనో పంపే ఉద్యోగిగా పనిచేస్తున్నాను. ఉద్యోగంలో చేరిన మొదటి నెల జీతంలో ఉద్యోగుల సంఘం చందాతో పాటు ‘లీగల్ డిఫెన్స్’ (లాయరు ఖర్చుల నిధి) పేరిట మరికొంత కోత పడి ఉండడం చూసి, తుపాకీ పట్టే డిప్యూటీలకు (కౌంటీ పోలీసులకు) అయితే అవసరం గాని, హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చునే నాకు ఇదెందుకని విసుక్కున్నాను.

నాలుగో ఏట ఒక రాత్రి, ఒకే పేరున్న వీధికి ఈస్ట్ అని ఉండవలసిన చోట నేను వెస్ట్ అని నమోదు చేయడంతో అంబులెన్సు చేరడం కొన్ని నిమిషాలు ఆలస్యమైంది. రోగి బతికాడు. నాకు మాత్రం వారం తిరగకుండానే విచారణ నోటీసు వచ్చింది. వెళ్లి క్షమాపణ చెప్పుకుంటే సరిపోతుందనుకున్నాను. తప్పు చేసినవాళ్లే లాయరును వెంటబెట్టుకు వెళతారన్న అభిప్రాయం మన ఇళ్లలో పెరిగిన వాళ్లకు అంత తొందరగా పోదు.

సంఘం పంపిన లాయరు మొదట చెప్పిన మాట, కౌంటీ లాయరు నా లాయరు కాడని. విధి నిర్వహణలో జరిగినదానిపై బయటివారు సివిల్ దావా వేస్తే ఉద్యోగి తరఫున వాదించే బాధ్యతను రాష్ట్ర ప్రభుత్వ కోడ్‌లోని 995వ సెక్షన్, పరిహారం చెల్లించే బాధ్యతను 825వ సెక్షన్ సాధారణంగా యజమానిపైనే పెడతాయి. క్రిమినల్ కేసులో ఆ బాధ్యత లేదు. ఇక శాఖాపరమైన విచారణలో ఎదుటిపక్షం ఆ యజమానే. మా కోత డబ్బు పనికొచ్చేది సరిగ్గా అక్కడే. మినియాపాలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ హత్య కేసులో పోలీసు అధికారి డెరెక్ చోవిన్ తరఫు వాదన ఖర్చును భరించినది కూడా అక్కడి రాష్ట్ర స్థాయి పోలీసు సంఘానికి చెందిన ఇలాంటి నిధే. ఆ సంగతి తెలిసినప్పుడు నా చందా గురించి కాస్త ఇబ్బందిగా అనిపించిన మాట నిజం.

విచారణ ఏ వేళలో జరగాలి, ఒకేసారి ఎందరు ప్రశ్నించవచ్చు వంటివన్నీ నిర్దేశించే 1976 నాటి హక్కుల చట్టం డిప్యూటీలకు వర్తిస్తుంది గాని, పీస్ ఆఫీసర్లు (పోలీసు అధికారాలున్నవారు) కాని మాకు వర్తించదు. మాకున్నవి, ప్రతినిధిని వెంట ఉంచుకునే హక్కు, ఉద్యోగం పోతుందని బెదిరించి రాబట్టిన వాంగ్మూలాన్ని క్రిమినల్ కేసులో వాడకూడదన్న 1967 నాటి గారిటీ తీర్పు, శిక్ష అమలుకు ముందే ఆరోపణలనూ ఆధారాలనూ చూపి జవాబు వినాలన్న 1975 నాటి స్కెల్లీ తీర్పు.

ప్రకాశం జిల్లాలో హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరైన మా నాన్న ఫోనులో ఇదంతా విని నమ్మలేదు. “నాకు ఛార్జి మెమో వస్తే ఎక్స్‌ప్లనేషన్ స్టేషన్ రైటర్ చేత రాయించుకున్నానమ్మా. ఎంక్వైరీలోకి లాయరును రానిస్తారా ఎక్కడైనా?” అన్నారు. అక్కడి నిబంధనల ప్రకారం తోటి ఉద్యోగి సాయం తీసుకోవచ్చు గాని, లాయరుకు అనుమతి దొరకడం అరుదు.

విచారణ గదిలో మా లాయరు మాట్లాడినది తక్కువే. అడిగినదానికి మించి నేను సంజాయిషీ మొదలుపెట్టినప్పుడల్లా బల్లమీద వేలితో తట్టేవాడు. ముందుగా రికార్డింగు వినిపించమని కోరినదీ అతడే. ఫోను చేసినావిడ మొదట వెస్ట్ అని, ఏడుపు మధ్య ఈస్ట్ అని సరిదిద్దింది. ఆ రెండో మాట నేను వినిపించుకోలేదు. జీతం లేని ఐదు రోజుల సస్పెన్షన్ ప్రతిపాదన స్కెల్లీ విచారణ తరువాత లిఖితపూర్వక మందలింపుగా తగ్గింది. ఆ కాగితం ఇప్పటికీ నా ఫైలులో ఉంది. అందులో రాసినది అబద్ధమని నేను అనను.