పుట్టపాక గ్రాఫు, గద్వాల కుట్టు, నా లింక్డ్‌ఇన్

చిన్న వ్యాపారాల స్టాకు, అమ్మకాల లెక్కలను డాష్‌బోర్డులుగా చేసిపెట్టడం నా పని. నెట్ ఉంటే ఎక్కడ కూర్చున్నా నడుస్తుంది. తిరుగుతూ పనిచేస్తూ, చూసినవి లింక్డ్‌ఇన్‌లో పోస్టు చేస్తూ ఉంటే మనకంటూ ఒక పేరు వస్తుందని ఫ్రెండ్స్ చాలాకాలంగా పోరుతున్నారు. సరే అని ఈసారి మగ్గాల ఊళ్ల దారి పట్టాను. పుట్టపాకలో మొదలుపెట్టి నల్లగొండ, పాలమూరు, గద్వాల మీదుగా అలంపూర్ దాకా.

చౌటుప్పల్ దాకా ఎక్స్‌ప్రెస్, అక్కడి నుంచి పల్లెవెలుగు. ఆధార్ చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ చించి ఇస్తాడు. 2023 డిసెంబరులో ఆడవాళ్లకు ఉచిత బస్సు ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం వచ్చినప్పటి నుంచి నాలాంటివాళ్ల ప్రయాణ ఖర్చు సగానికి సగం తగ్గింది. సీటు దొరకడం మాత్రం మన అదృష్టం.

పుట్టపాకలో నేను వెళ్లిన ఇంట్లోకి అడుగు పెట్టగానే నూనె వాసన. తేలియా రుమాలు అనే ఇక్కడి చదరపు గుడ్డకు వాడే నూలును ఆముదపు కాయల బూడిద, నూనె కలిపి నానబెడతారు. ఎరుపు, నలుపు, తెలుపు, అంతే రంగులు. ఒకప్పుడు ఇవి అరబ్బు దేశాలకు తలపాగాలుగా వెళ్లేవి. 2020లో జీఐ, అంటే ఫలానా ప్రాంతపు సరుకని చట్టం ఇచ్చే గుర్తింపు వచ్చింది.

గోడకు ఒక గ్రాఫు కాగితం అంటించి ఉంది. అంచులు నూనె మరకలతో పచ్చబడ్డాయి. ఒక్కో గడికి ఇన్ని పోగులని లెక్క. ఆ లెక్క ప్రకారం ఆ ఇంటి అక్క సైకిల్ ట్యూబును సన్నగా కోసిన రబ్బరు పట్టీలతో నూలు మీద చిటికి కడుతోంది. కట్టిన చోట రంగు ఎక్కదు. పడుగుకు, పేకకు రెండింటికీ ఇలాగే కట్టి, మగ్గం మీద రెండూ సరిగ్గా ఒకే చోట కలిసేలా నేయాలి. ఒక్క పోగు జరిగినా పువ్వు అంచు వంకరపోతుంది. నేను రోజూ ఎక్సెల్‌లో చేసే పని ఆమె వేళ్ల మీద నడుస్తోంది. అదీ అన్‌డూ బటన్ లేకుండా.

ఫోన్ తీయబోతే ఆమె భర్త ఆపాడు. "ఫోటో తీస్కో బిడ్డా, గని మగ్గం మీదున్నది పెట్టకు. కొత్త డిజైను. వారం తిరిగేసరికి ప్రింటు చీరెలు దిగుతయ్."

ఆ మాటకు ఎదురు చెప్పడానికేముంది? ఆయన ఒక చీర, ఒక ప్రింటు ముక్క పక్కపక్కన వేసి రెండూ తిరగేశాడు. ప్రింటు వెనక వెలిసిపోయి ఉంది. ఇలా చిటికి కట్టి నేసిన ఇకత్‌కు ముందూ వెనకా ఒకటే. దుకాణంలో కొనేటప్పుడు ఈ పరీక్ష పనికొస్తుంది.

అక్కడే ఆసు యంత్రం ప్రస్తావన వచ్చింది. చిటికి కట్టే ముందు నూలును మేకుల చుట్టూ తిప్పి సిద్ధం చేయడమే ఆసు పోయడం. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం చేసింది. ఒక చీరకు దాదాపు 9,000 సార్లు చేయి ఇటూ అటూ తిప్పి ఆసు పోయాలి. తల్లి భుజం నొప్పి చూడలేక ఆయన ఆ యంత్రం చేశాడు. దానికి ఆమె పేరే పెట్టాడు, లక్ష్మి ఆసు యంత్రం. 2017లో పద్మశ్రీ వచ్చింది. పర్సనల్ బ్రాండ్ గురించి నేను చదివిన ఏ గైడులోనూ వేరేవాళ్ల పేరు పెట్టమని చెప్పిన గుర్తు లేదు.

నల్లగొండలో పెద్దమ్మ వాళ్లింట్లో దిగాను. రాత్రి అమెరికా క్లయింట్‌తో కాల్ మధ్యలో కరెంటు పోతే ఫోన్ హాట్‌స్పాట్ మీద నెట్టుకొచ్చాను. "ఈ టెన్షన్ ఉద్యోగం ఏందే" అని పెద్దమ్మ అన్నం కలిపి ముద్దలు పెట్టింది. పొద్దున పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం. గర్భగుడి గోడ మీద నీడ పొద్దంతా కదలదు. ఏదో ఒక్క స్తంభం నీడ అనుకుంటాం కానీ, వేర్వేరు వైపుల నుంచి స్తంభాల మధ్యగా వచ్చే వెలుతురు కలిసి అలా చేస్తుంది. ఆ ఫోటోకు లైకులు బాగానే వచ్చాయి. అడిగినవాళ్లంతా అడిగింది పార్కింగ్ ఉందా అని.

గ్రాఫు కాగితం ఫోటోతో, అదీ పాత డిజైనుదే, ఆ ఇంటివాళ్లకు చూపించి ఒప్పుకున్నాకే పెట్టిన పోస్టుకు లైకులు తక్కువ. ఒక్కో గడి, దాని పోగుల లెక్క, అదే లెక్క షీటులో వేస్తే ఎలా ఉంటుందో రాశాను. దేవరకొండ, కల్వకుర్తి మీదుగా పాలమూరు బస్సులో ఉండగా ఒక బట్టల షాపు ఓనరు మెసేజ్ పెట్టారు: "మా స్టాకు కూడా ఇట్లా చూపిస్తారా మేడమ్?" నీడ ఫోటో చూసినవాళ్లకు నేను తిరిగే మనిషిని. గ్రాఫు చూసినాయనకు లెక్క తెలిసిన మనిషిని.

పాలమూరులో పిల్లలమర్రి చూశాను. 2018లో చెదలు పట్టి సెలైన్ సీసాలతో మందు ఎక్కించిన చెట్టు. దాని గురించి ఏమీ పోస్టు చేయలేదు, ఊరికే కూర్చున్నాను. దారిలో ఒక రిసార్టు వాళ్లు ఉచితంగా రూమిస్తాం, నాలుగు పోస్టులు పెట్టండన్నారు. ఉచిత బస కూడా ప్రతిఫలమే, అది ప్రకటన అని చెప్పాలని కేంద్ర వినియోగదారుల శాఖ 2023 జనవరిలో నిబంధనలు ఇచ్చింది. ఆ సంగతి చెబితే మళ్లీ ఫోన్ చేయలేదు.

రైలెక్కి గద్వాల. చీర నూలుది, అంచూ కొంగూ పట్టువి, రెంటినీ కలిపేది కుట్టు. పోగుకు పోగు ముడేసి కలిపిన ఆ గీత మీద వేలు పెట్టి చూస్తే కానీ తెలియదు. నేసినవారి పేరు చీర మీద ఎక్కడా ఉండదు, ఊరి పేరుతోనే అమ్ముడుపోతుంది. ఊరికి పేరొచ్చినంతగా చేతికి కూలి రాలేదని మగ్గం దగ్గర కూర్చున్న పెద్దాయన అన్నాడు. దీనికి నా దగ్గర జవాబు లేదు. ఆ మాట ఆయన అనుమతితో ఉన్నదున్నట్టు రాశాను, నా ఫోటో జోడించకుండా.

అలంపూర్‌లో నవబ్రహ్మ ఆలయాలు చూసి, సాయంత్రం లాడ్జిలో ప్రొఫైలు తెరిచి "ట్రావెలర్, క్రియేటర్, కన్సల్టెంట్" తీసేశాను. "బట్టల షాపుల స్టాకు లెక్కలు చూపిస్తాను" అని పెట్టి, ఆ ఓనరుకు నా రేటు పంపాను. కాస్త తగ్గించమంటున్నారు, ఇంకా బేరం నడుస్తోంది.