క్రైం నంబరు దొరికేదాకా

మా చిన్నాన్న కొడుకుని పోలీసులు తీసుకెళ్లారని పిన్ని ఫోన్ చేసేసరికి రాత్రి భోజనాలు కూడా అయిపోయాయి. వాడు విశాఖపట్నం గాజువాకలో సరుకుల వ్యాను నడుపుతాడు. బండి పెట్టుకునే చోట ఎవరితోనో గొడవ పడ్డాడట, అవతలి మనిషికి చెయ్యి విరిగిందట. ఆవిడకి తెలిసింది అంతే. "ఏ స్టేషనో తెల్దు బాబూ. ఫోన్ చేస్తే స్విచాఫ్ వస్తంది. నువ్వు కంప్యూటర్లో చూసి చెప్పు" అంది.

అలా అడగడానికి కారణం ఉంది. వాళ్ల అల్లుడు అమెరికాలో ఉంటాడు. అక్కడ చాలా కౌంటీల్లో షెరీఫ్ ఆఫీసు వెబ్‌సైట్‌లో పేరు కొడితే చాలు, జైల్లో ఉన్న మనిషి బుకింగ్ నంబరు, పెట్టిన కేసులు, బెయిలు మొత్తం, చాలాచోట్ల ఫోటోతో సహా కనిపిస్తాయి. ఊళ్లో ఎవరైనా చూడొచ్చు. మన దగ్గరా అలాంటిదే ఏదో ఉండి ఉంటుందని పిన్ని అనుకుంది. లేదు. మన దగ్గర ఎఫ్‌ఐఆర్ పోలీసుల దగ్గర, రిమాండ్ కాగితాలు కోర్టులో, జైలు వివరాలు జైళ్ల శాఖ దగ్గర, దేని దారి దానిదే. వీటన్నిటినీ కలిపేది, కేసు కట్టినప్పుడు స్టేషన్‌లో ఎఫ్‌ఐఆర్‌కి వేసే క్రైం నంబరు ఒక్కటే. తెలిసిన లాయరుకి ఆ రాత్రే ఫోన్ చేస్తే, వాడి పేరు కూడా అడక్కుండా "క్రైం నంబర్ ఎంత?" అన్నారు.

నంబరు కావాలంటే ముందు స్టేషన్ తెలియాలి. మామూలుగా కేసు గొడవ జరిగిన చోటు ఏ స్టేషన్ పరిధిలోకి వస్తే అక్కడే నడుస్తుంది, నిందితుడు ఎక్కడ ఉంటాడన్నది లెక్కలోకి రాదు. మా వాళ్లంతా ఇంటి దగ్గరి స్టేషన్‌కి వెళ్లి లేడనిపించుకుని వచ్చారు. వ్యాను ఎక్కడ ఆపాడో వాడితో పనిచేసే కుర్రాణ్ని అడిగితే హైవే పక్కన ఒక గోడౌన్ పేరు చెప్పాడు. దాన్నిబట్టి స్టేషన్ ఏదో తేలింది.

స్టేషన్‌లో హెడ్ కానిస్టేబుల్ "పొద్దున్న రండి, సీఐ గారు ఉంటారు" అన్నాడు. వాడు లోపల ఉన్నాడో లేదో కూడా చెప్పలేదు. నాకు ఒళ్లు మండింది, కానీ అరిస్తే పని జరగదని తెలుసు. దారిలో లాయరు గారు ఫోన్‌లో చెప్పిన మూడు సెక్షన్లు చీటీ మీద రాసుకున్నాను. 2024 జులై 1 నుంచి, అరెస్టులూ విచారణా ఎలా జరగాలో చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమల్లోకి వచ్చింది, నంబర్లన్నీ మారిపోయాయి. దాని 36వ సెక్షన్ ప్రకారం అరెస్టు చేసినప్పుడు అరెస్టు మెమో రాయాలి, దాని మీద ఇంటివాళ్లలో ఒకరో ఆ పేటలో పెద్దమనిషో సాక్షి సంతకం పెట్టాలి. 48 ప్రకారం, ఫలానావాణ్ని అరెస్టు చేశాం, ఫలానాచోట ఉంచాం అని బంధువుకో స్నేహితుడికో వెంటనే తెలియజేయాలి, ఆ సంగతి స్టేషన్ పుస్తకంలో ఎక్కించాలి. మూడోది 37. ఇది చాలామందికి తెలియదు. ప్రతి స్టేషన్లోనూ, ప్రతి జిల్లాలోనూ ఏఎస్ఐకి తక్కువ కాని ఒక అధికారిని ఇందుకోసం పెట్టాలి. అరెస్టయినవాళ్ల పేర్లు, చిరునామాలు, ఏ నేరమో ఆయన దగ్గర ఉండాలి, అందరికీ కనబడేలా బోర్డు మీదో డిజిటల్‌గానో పెట్టాలి. మన దేశంలో అరెస్టు వివరాలు బహిరంగంగా ఉండాలని చట్టం చెప్పింది అంటే ఇదే.

ఆ స్టేషన్ వరండాలో బోర్డు ఉంది. దాని మీద ఎప్పటివో పాత పేర్లు, సగం చెరిగిపోయి.

"సర్, అరెస్టుల వివరాలు చూసే ఆఫీసర్ గారు ఎవరండీ? మెమో మీద సాక్షి సంతకం ఎవరు పెట్టారో కనుక్కుందామని" అని అడిగాను. చట్టం పుస్తకం తీసి చదివినట్టు కాకుండా మామూలుగానే అడిగాను. ఆయన నన్ను ఒకసారి ఎగాదిగా చూసి లోపలికి వెళ్లాడు. కాసేపటికి స్టేషన్లో రాతకోతలు చూసే రైటర్ బయటికొచ్చి చిన్న కాగితం ముక్క మీద క్రైం నంబరు, సంవత్సరం, సెక్షన్లు రాసి ఇచ్చాడు. "రేపు కోర్టులో పెడతాం" అన్నాడు. పిన్ని ఆ కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుంది. దానికి ముందు నేను ఫోటో తీసుకున్నాను.

ఎఫ్‌ఐఆర్ సంగతి కొంచెం నయం. యూత్ బార్ అసోసియేషన్ కేసులో 2016లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వల్ల 24 గంటల్లో, నెట్‌వర్క్ సరిగా లేని చోట్ల 72 గంటల్లోపు ఎఫ్‌ఐఆర్ వెబ్‌సైట్‌లో పెట్టాలి. లైంగిక నేరాలు, పిల్లల మీద జరిగే లైంగిక నేరాల చట్టం పోక్సో, ఉగ్రవాదం లాంటి సున్నితమైన కేసులు పెట్టరు. ఏది సున్నితమో తేల్చేది డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి. ఏపీ పోలీసుల సైట్‌లో జిల్లా, స్టేషన్, నంబరు, సంవత్సరం ఇచ్చి వెతికితే మా వాడిది దొరికింది. ఒకవేళ దొరక్కపోయినా, నిందితుడి తరఫున కోర్టులో దరఖాస్తు పెడితే రెండు పనిదినాల్లో కాపీ ఇవ్వాలని అదే తీర్పులో ఉంది.

పేరుతో వెతుకుదామనుకునేవాళ్లకి ఒక మాట. మన పేర్లు ఇంగ్లీషులో పది రకాలుగా రాస్తారు. శ్రీను అని పిలిచే మనిషి కాగితాల్లో శ్రీనివాస్, శ్రీనివాసరావు, శ్రీనివాసులు, ఏదైనా కావచ్చు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక. మా వాడి పేరు ఎఫ్‌ఐఆర్‌లో అసలు పేరు రాసి, మధ్యలో 'అలియాస్' అనడానికి ఎట్ గుర్తు (@) పెట్టి, వీధిలో పిలిచే ముద్దుపేరుతో ఉంది. ఆ ముద్దుపేరు పోలీసులకి ఎవరు చెప్పారో ఇప్పటికీ మా ఇంట్లో చర్చే.

మర్నాడు విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో వైద్య పరీక్ష చేయించి మేజిస్ట్రేటు ముందు పెట్టారు. అరెస్టు చేసిన 24 గంటల్లోపు, ప్రయాణ సమయం తీసేసి, మేజిస్ట్రేటు ముందుకి తేవాలన్నది రాజ్యాంగం 22వ అధికరణంలోనే ఉంది. ఆదివారమైనా, రాత్రయినా, ఆయన ఇంటి దగ్గరైనా సరే హాజరుపరుస్తారు. కాబట్టి మనిషి ఎక్కడున్నాడో ఎంతకీ తేలకపోతే ఆ గడువు దగ్గర కోర్టులో ఆరా తీయడం మంచిది. అక్కడా కనబడకపోతే అది, మనిషిని కోర్టు ముందుకి తెమ్మని అడిగే హెబియస్ కార్పస్ పిటిషన్ హైకోర్టులో వేయాల్సిన సంగతి. మాకు అంతదాకా రాలేదు.

ఆ పొద్దున్నే ఒక దినపత్రిక జిల్లా పేజీలో వార్త వచ్చింది. పేరు, వయసు, ఏ వీధి, ఏం పని చేస్తాడు, అన్నీ ఉన్నాయి. కన్నతల్లికి రాత్రంతా చెప్పని వివరాలు తెల్లారేసరికి ఊరందరికీ తెలిశాయి. వార్త రాయొద్దని నేను అనను. అరెస్టులు గుట్టుగా జరగడం కన్నా నలుగురికీ తెలిసి జరగడమే మేలు. కానీ ఇంటికి ఒక ఫోన్ కాల్ చేశాక కదా ఊరికి చెప్పాల్సింది. ఇక అమెరికాలోలాగా ఫోటోలు కూడా ఎప్పటికీ ఇంటర్నెట్‌లో ఉండాలా అంటే, నాకైతే వద్దనే అనిపిస్తుంది. అక్కడ ఆ ఫోటోలు ఏరుకుని సొంత సైట్లలో పెట్టి, తీసెయ్యాలంటే డబ్బులు అడిగే వ్యాపారం బయల్దేరితే, దాన్ని ఆపడానికి కొన్ని రాష్ట్రాలు చట్టాలు చేయాల్సి వచ్చింది. అరెస్టయినంత మాత్రాన నేరం రుజువైనట్టు కాదు కదా. మన సుప్రీంకోర్టు కూడా ఛార్జిషీట్లు అందరూ చూసేలా వెబ్‌సైట్లో పెట్టడం కుదరదని 2023 జనవరిలో చెప్పింది. నిందితుడికి మాత్రం ఉచితంగా కాపీ ఇవ్వాలి.

రిమాండ్ రిపోర్టు వేరే కథ. పోలీసులు అసలేం ఆరోపిస్తున్నారో, ఎందుకు లోపల పెట్టమంటున్నారో అందులో ఉంటుంది. బెయిలు పిటిషన్ రాయడానికి అదే ఆధారం. అది ఏ వెబ్‌సైట్‌లోనూ ఉండదు. లాయరు కోర్టులో కాపీ అప్లికేషన్ పెట్టి తీసుకోవాలి. లాయరు నిందితుడి తరఫున నిలబడాలంటే వకాలత్ మీద, అంటే లాయరుకి ఆ అధికారం ఇచ్చే కాగితం మీద, అతని సంతకం కావాలి. మనిషి అప్పటికే జైలుకి వెళ్లిపోయుంటే ఆ సంతకం జైలు సూపరింటెండెంటు ధ్రువీకరించి పంపాలి. ఆ కాగితం జైలుకి వెళ్లి రావడం ఒక పని. మాకు ఎక్కువ ఆలస్యం అయింది ఇక్కడే. రిమాండ్ రోజునే కోర్టు దగ్గర లాయరుని నిలబెట్టుకోగలిగితే సంతకం అక్కడే అయిపోతుంది. లాయరుకి డబ్బుల్లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది, కస్టడీలో ఉన్నవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరుని పెడతారు. ఫోన్ నంబరు 15100. కోర్టు బయట "రిమాండ్ రిపోర్టు నేను తెచ్చిపెడతా" అంటూ తిరిగేవాళ్లు కూడా తగులుతారు, వాళ్లకి మాత్రం దూరంగా ఉండండి.

కోర్టు కేసుల వివరాలు చూపే ఈకోర్ట్స్ యాప్‌లో స్టేషన్, క్రైం నంబరు, సంవత్సరం కొట్టి వెతకొచ్చు. మొదట్లో ఏమీ రాకపోతే కంగారు పడక్కర్లేదు. ఛార్జిషీటు దాఖలై కోర్టు దాన్ని తీసుకునేదాకా కేసుకి సీసీ నంబరు, అంటే కోర్టు ఇచ్చే కేసు నంబరు, పడదు. బెయిలు పిటిషన్ వేశాక మాత్రం దానికి నంబరు, అక్షరాలూ అంకెలూ కలిపి పదహారు ఉండే సీఎన్ఆర్ (ఆ ఒక్క కేసుకే ఉండే గుర్తింపు నంబరు) వస్తాయి. ఆ సీఎన్ఆర్ దాచుకుంటే వాయిదా ఎప్పుడో లాయరు గుమస్తాని బతిమాలక్కర్లేదు.

వాణ్ని అడవివరం సెంట్రల్ జైలుకి పంపారు. హనుమంతవాక నుంచి ఆరిలోవ, ముడసర్లోవ మీదుగా వెళ్తే కొండ పక్కన వస్తుంది. సింహాచలం వెళ్లినప్పుడల్లా ఆ గోడ చూశాను గానీ లోపలివాళ్ల కోసం ఎప్పుడూ ఆగలేదు. ములాఖత్ కోసం, అంటే ఖైదీని కలవడానికి, ఈ-ప్రిజన్స్ సైట్‌లో ముందే పేరు నమోదు చేసుకోవచ్చు. వెళ్లేవాళ్ల వివరాలు, గుర్తింపు కార్డు నంబరు, ఖైదీతో చుట్టరికం అడుగుతుంది. తర్వాత రాష్ట్రం, జైలు, ఖైదీ పేరు, అతని తండ్రి పేరు. ఇక్కడ పేరు జైలు రిజిస్టర్లో ఎలా ఉందో అలాగే ఇవ్వడం మంచిది. ఎఫ్‌ఐఆర్‌లోని స్పెల్లింగ్ చూసి కొట్టాం. పిన్ని ఆధార్ కార్డు, నమోదు చేశాక ఫోన్‌లో వచ్చిన మెసేజ్ పట్టుకుని వెళ్లింది. వాణ్ని చూసి ఏడ్చి, "సన్నబడిపోయేడు" అంది. జైలుకెళ్లి ఇంకా వారం కూడా కాలేదు.

బెయిలు వచ్చాక కూడా కాగితాల పని ఉంటుంది. జామీనుదార్లు ఇద్దరు కావాలన్నారు, ఇంటి పన్ను రసీదులు, ఆధార్‌లతో. చిన్నాన్న తరఫు చుట్టాలు చాలామంది ఆ వారం హఠాత్తుగా ఊళ్లకెళ్లిపోయారు. చివరికి నేనూ, వ్యాను ఓనరూ సంతకాలు పెట్టాం. బెయిలు ఆర్డరు కాపీ అదే రోజో మర్నాడో జైలుకి ఈమెయిల్లో పంపాలని, వారంలో మనిషి విడుదల కాకపోతే సూపరింటెండెంటు న్యాయసేవాధికార సంస్థకి తెలియజేయాలని 2023లోనే సుప్రీంకోర్టు చెప్పింది. జామీన్లు దొరక్క లోపలే ఉండిపోయేవాళ్ల కోసం పెట్టిన నియమం అది. మా వాడు ఆ వారం లోపే బయటికొచ్చాడు. కేసు నడుస్తోంది. వాయిదా ముందు రోజు వాడే ఫోన్‌లో సీఎన్ఆర్ కొట్టి చూసుకుని, సెలవు కావాలని ఓనరుకి చెప్పుకుంటున్నాడు.