మతారికి పండగ, మా అవ్వ చెప్పిన కార్తెలు

జూన్‌లో న్యూజీలాండ్ ఎందుకు, అక్కడ చలికాలం కదా, డిసెంబర్‌లో అయితే హాయిగా తిరగొచ్చు కదా అని మా ఆఫీసులో అడగనివాళ్ళు లేరు. నేను కావాలనే జూన్‌లో పెట్టుకున్నా. క్రైస్ట్‌చర్చ్‌లో ఉండే మా చెల్లి వీడియో కాల్ చేసినప్పుడల్లా మతారికి మతారికి అంటుండేది, వాళ్ళ పాపకైతే స్కూల్లో తొమ్మిది చుక్కల పేర్లు నేర్పించారు, ఫోన్ లాక్కుని మరీ గడగడా చెప్పేసి "పెద్దమ్మా నువ్వు రా, చూపిస్తా" అనేది. 2024లో ఆ సెలవు జూన్ 28, శుక్రవారం వచ్చింది. ఆ డేట్ చూసుకునే టికెట్లు బుక్ చేశా.

మతారికి అంటే వేరే ఏవో చుక్కలు కాదు, మన కృత్తికలే. ఊళ్ళల్లో పిల్లలకోడి అంటారు కదా, చిన్న గుంపుగా మసకమసకగా ఉంటాయి, అవే. మే నెల మధ్యలో సూర్యుడు వాటి దగ్గరికి వచ్చేసరికి ఆ వెలుగులో కొన్ని వారాలు కనిపించకుండా పోతాయి, మళ్ళీ జూన్ చివర్లో తెల్లవారకముందు ఈశాన్యంలో లేస్తాయి, అలా తిరిగి కనిపించినప్పుడు అక్కడి మూలవాసులైన మావోరీలకి కొత్త సంవత్సరం. చుక్కలు ఒక్కటే చూస్తే సరిపోదు, చంద్రుడిని కూడా చూడాలి. వాళ్ళ పిపిరి నెలలో తంగరోవా రాత్రులు అని ఉంటాయి, మన లెక్కలో బహుళ అష్టమి ప్రాంతం, ఆ రోజుల్లో చూడాలి. అందుకే ఏటా డేట్ మారుతుంది. 2022లో దీనికి చట్టం చేసి ఆ ఏడాది జూన్ 24న మొదటిసారి దేశం మొత్తానికి సెలవిచ్చారు, 2052 దాకా ఏ ఏడు ఏ రోజో ఆ చట్టంలోనే రాసేశారు. ఒక దేశం చుక్కల్నీ తిథినీ చూసి పబ్లిక్ హాలిడే పెట్టుకుందంటే నాకు ఎంత సంతోషమేసిందో.

ఆ రోజు మరిది మమ్మల్ని నాలుగున్నరకే లేపేశాడు. స్వెటర్ మీద స్వెటర్, దాని మీద చెల్లి జాకెట్, ఊరికి తూర్పు వైపు సముద్రం ఒడ్డుకి వెళ్ళేసరికి అప్పటికే చాలామంది ఉన్నారు, దుప్పట్లు కప్పుకున్న పెద్దవాళ్ళు, స్ట్రోలర్లలో పిల్లలు, ఫ్లాస్కులు. ఆకాశం సగం మబ్బు. నాకు ఒకటే టెన్షన్, ఇంత దూరం వచ్చి కనిపించకపోతే ఎలా అని. మబ్బు జరిగింది. పాప నా చెయ్యి పట్టుకుని చూపించింది, ముందు వరసగా మూడు చుక్కలు, ఒరాయన్ బెల్ట్, దాన్ని తౌతోరు అంటారు, అక్కడినుంచి ఎడమకి వస్తే తె కొకోతా, అంటే మన రోహిణి ఉండే గుంపు, ఇంకొంచెం ఎడమకి వెళ్తే మతారికి. మనం ఇక్కడ చూసేదానికి ఒరాయన్ తలకిందులుగా ఉంటుంది అక్కడ, అందుకని ఒక నిమిషం కన్ఫ్యూజన్, తర్వాత ఠక్కున దొరికేశాయి.

తొమ్మిది చుక్కల్లో ఒక్కొక్కదానికీ ఒక్కో బాధ్యత ఉంటుందని అక్కడి పెద్దావిడ ఒకరు నింపాదిగా చెప్పారు. మతారికి తల్లి, ఆరోగ్యం ఆమెది. తుపుఆనుకు నేలలో పండేవాటిది, తుపుఆరంగి చెట్ల మీద దొరికే పళ్ళు, పక్షులది. వైతీ మంచినీళ్ళు, అందులో బతికేవి. వైతా సముద్రం. వైపునారంగి వాన, ఉరురంగి గాలి. హివా-ఇ-తె-రంగి దగ్గర ఈ ఏడాదికి మన కోరిక చెప్పుకోవాలి. పోహుతుకవ ఆ ఏడాది చనిపోయినవాళ్ళది. కొన్ని తెగల్లో ఏడే అంటారు, పడమటి తీరాన తరనకి, వంగనుయి వైపు అయితే పువంగా అనే వేరే చుక్కని చూస్తారు, అది రైజెల్. దేశం మొత్తం ఒకే రకంగా ఉండాలని ఎవరూ పట్టుబట్టరు, అది నాకు చాలా నచ్చింది. ఏ చుక్క మసగ్గా ఉందో, ఏది తళతళలాడుతుందో చూసి ఆ ఏడాది చేపలు ఎలా ఉంటాయో, వానలు ఎలా పడతాయో, కుమరా దుంపలు ఎప్పుడు నాటాలో చెప్పేవాళ్ళంట.

ఆ తెల్లవారుజామున చుక్కలకి చేసే పూజని హౌతపు అంటారు. చిన్న పొయ్యిలో ఆహారం ముందే పెట్టి ఉంచుతారు, కుమరా తుపుఆనుకుకి, కోడి తుపుఆరంగికి, ఈల్ చేప వైతీకి, సముద్రపు చేప వైతాకి. మూత తీస్తే ఆవిరి పైకి వెళ్తుంది. ఆ ఆవిరే చుక్కలకి పెట్టే భోజనం. మన నైవేద్యం తెలిసినవాళ్ళకి ఇది వేరే వివరించక్కర్లేదు.

దానికి ముందు చనిపోయినవాళ్ళ పేర్లు పిలుస్తారు. తె వక ఒ రంగి అని ఆకాశంలో పెద్ద పడవ ఉంది, మతారికి దాని ముందు భాగం, తౌతోరు వెనక భాగం, నడిపేవాడు తరమైనుకు. రోజూ రాత్రి వల వేసి ఆరోజు పోయినవాళ్ళ ప్రాణాలు పైకి లాగి పడవకి కట్టుకుంటాడు. మే నెలలో పడవ సూర్యుడితో పాటు అస్తమించినప్పుడు వాళ్ళని కింది లోకానికి తీసుకెళ్తాడు, మళ్ళీ లేచినప్పుడు వాళ్ళందర్నీ చుక్కలుగా ఆకాశంలోకి వదిలేస్తాడు. ఈ కథ చెప్పి, ఎవరైనా పేరు పిలవాలనుకుంటే పిలవండి అన్నారు. ఒక్కొక్కరు పిలుస్తున్నారు, కొంతమంది గట్టిగా, కొంతమందికి గొంతు రావట్లేదు. ఆ ఫిబ్రవరిలోనే మా అవ్వ పోయింది. మదనపల్లె దగ్గర మా ఊళ్ళో, తొంభై దాటాక. చెల్లి టికెట్ దొరక్క రాలేకపోయింది అప్పుడు. ఇద్దరం కలిసి అవ్వ పేరు పిలిచాం, ఇంటిపేరుతో సహా, సముద్రం వైపు తిరిగి. చెల్లి అప్పటిదాకా ఏడవలేదు. అక్కడ ఏడ్చింది, పక్కనున్న ఎవరో తెలియని ఆమె వచ్చి పట్టుకుంది.

తర్వాత అందరం లేక్ టెకాపో వెళ్ళాం, కారులో మూడు గంటలు. ఊరు చిన్నది గానీ అక్కడి రాత్రి కోసం ఎక్కడెక్కడినుంచో వస్తారు, 2012లో 4,367 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని ఔరాకి మెకెంజీ డార్క్ స్కై రిజర్వ్‌గా ప్రకటించారు, కానీ వీధి దీపాల మీద రూల్స్ 1980ల మొదట్లోనే పెట్టుకున్నారు, మౌంట్ జాన్ మీద 1965 నుంచి అబ్జర్వేటరీ ఉంది కాబట్టి. లైట్లన్నీ కిందకే వెలుగుతాయి. చంద్రుడు అర్ధరాత్రి దాటాక గానీ రాడు ఆ రోజుల్లో, సాయంత్రం నుంచే పాలపుంత నెత్తి మీద తెల్లగా. గైడ్ లేజర్‌తో వృశ్చికం తోకని చూపించి ఇది మావుయి అనే వాళ్ళ పురాణ వీరుడి గాలం అన్నాడు, దాంతోనే ఉత్తర దీవిని సముద్రంలోంచి చేపలా లాగాడంట. మనకి అది మూల. పైన ఎర్రగా రెహువా, మన జ్యేష్ఠ. దక్షిణం వైపు కిందకి ఒంటరిగా వెలిగే అతుతాహి, చుక్కలన్నిటినీ బుట్టలో తీసుకెళ్తుంటే నేను ఆ బుట్టలోకి రాను అని బయటే ఉండిపోయిందంట, అందుకే పాలపుంతకి దూరంగా ఉంటుంది. అది మన అగస్త్య నక్షత్రం. అగస్త్యుడు కూడా అందర్నీ వదిలి దక్షిణానికి వచ్చి ఉండిపోయినవాడే కదా అని నేను గైడ్‌కి చెప్తే ఆయన వింధ్య పర్వతం కథ మొత్తం చెప్పించుకున్నాడు, గ్రూప్‌లో మిగతావాళ్ళు కూడా విన్నారు.

తామరెరెతి కథ మాత్రం పాప నిద్రపోకుండా వింది. అప్పట్లో ఆకాశంలో చుక్కలే లేవు. తామరెరెతి తౌపో సరస్సులో చేపలకి వెళ్ళి, గాలి ఆగిపోతే పడవలోనే నిద్రపోయాడు, లేచేసరికి ఇంటికి చాలా దూరం కొట్టుకుపోయాడు. చీకటి పడితే తనిఫా అనే నీళ్ళ రాకాసి వచ్చి తినేస్తుంది. ఒడ్డున చేపలు కాల్చుకుంటుంటే మంట వేడికి గులకరాళ్ళు వెలగడం చూశాడు, వాటిని పడవ నిండా నింపుకుని ఆకాశంలోకి వెళ్ళే నది వెంబడి పోతూ దారి పొడుగునా చల్లుకుంటూ పోయాడు. ఆకాశ తండ్రి రంగినుయి మెచ్చుకుని ఆ పడవని కూడా పైనే పెట్టాడు. సదరన్ క్రాస్ దాని లంగరు, పక్కన రెండు పాయింటర్ చుక్కలు లంగరు తాడు.

ఇదంతా ఎప్పుడూ ఇలా అందరికీ అందుబాటులో లేదు. ఇంగ్లీషు పాలనలో మావోరీ భాషే స్కూళ్ళలో అణిగిపోయింది, క్యాలెండర్ మారిపోయింది, చుక్కల పేర్లు కొన్ని కుటుంబాల్లో మాత్రం మిగిలాయి. తూహోయ్ తెగకి చెందిన రంగి మతాముఆ అనే ప్రొఫెసర్ వాళ్ళ ఇంట్లో 400 పేజీల చేతిరాత పుస్తకం ఉండేది, పూర్వీకులు 1898లో మొదలుపెట్టి 1933 దాకా రాసింది, వందల చుక్కల పేర్లతో. తాత దాన్ని బీరువాలో దాచి మనవడి చేతిలో పెట్టాడు, ఆయన దాన్ని పదిమందిలోకి తెచ్చాడు. 2019లో ఆయనకి న్యూజీలాండ్ ప్రధానమంత్రి సైన్స్ ప్రైజుల్లో ఒకటి వచ్చింది. బీరువాలో ఉన్నది మా చెల్లి కూతురి స్కూల్ దాకా వచ్చిందంటే దాని వెనక ఎంత పని ఉందో ఆలోచించండి.

బెంగళూరు వచ్చాక మారతహళ్ళిలో మా కిచెన్ తలుపు వెనక ఉండే వెంకట్రామా క్యాలెండర్ ముందు నిలబడి కార్తెలు చూశా. కృత్తిక కార్తె మే రెండో వారంలో మొదలవుతుంది. అంటే సూర్యుడు కృత్తిక దగ్గర ఉన్నాడని, అంటే మతారికి కనిపించకుండా పోయే రోజులు సరిగ్గా అవే! తర్వాత రోహిణి, జూన్ 8కి అటూఇటూగా మృగశిర, 22కి ఆరుద్ర, ఆ ఆరుద్రలోనే మతారికి మళ్ళీ లేస్తుంది. అవ్వ నోట్లో ఇవి ఎప్పుడూ ఆడుతుండేవి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయి, మృగశిర కురిస్తే ముంగిళ్ళు చల్లబడతాయి, ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదు. చెనిక్కాయలు ఎప్పుడు వేయాలో అవ్వ కార్తె చూసే చెప్పేది, చదువు రాదు, పంచాంగం ఊరి అయ్యవారిని అడిగేది, మిగతాది ఆకాశం చూసి చెప్పేది. ఆ సముద్రం ఒడ్డున పెద్దావిడ వైపునారంగి గురించి చెప్పేటప్పుడు ఆ గొంతులో ఉన్న నమ్మకం నాకు ముందే తెలిసిన నమ్మకం.

అమ్మకి ఫోన్ చేసి ఇవన్నీ అడుగుతున్నా, ఏ కార్తెకి ఏం వేసేవాళ్ళు, ఏ సామెత ఎవరు అనేవాళ్ళు, రాసుకుంటున్నా. అమ్మకి సగమే గుర్తున్నాయి, మిగతా సగానికి మా పెద్దత్త దగ్గరికి వెళ్ళాలి, ఆవిడకి వినపడదు కాబట్టి ఫోన్‌లో కుదరదు.

బెంగళూరులో ఉన్నవాళ్ళకి ఒకటి చెప్తా. జూన్‌లో మనకి కూడా తెల్లవారుజామున ఇవే చుక్కలు ఈశాన్యంలో లేస్తాయి గానీ మబ్బులు ఉంటాయి, నమ్మలేం. నవంబర్, డిసెంబర్‌లో చూడండి. రాత్రి ఎనిమిది తొమ్మిదికి తూర్పున బాగా పైకి వచ్చేస్తాయి, పదకొండుకి దాదాపు నడినెత్తిన. కార్తీక పౌర్ణమి రోజు మాత్రం చంద్రుడే వాటి దగ్గర ఉంటాడు, ఆ వెలుగులో సరిగ్గా కనిపించవు, పది రోజులు ఆగండి. మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద నుంచి చిన్న మసకలా కనిపిస్తుంది, బైనాక్యులర్ పెడితే చాలా చుక్కలు విడివిడిగా తెలుస్తాయి. పిల్లలు ఉన్నవాళ్ళు సిటీ దాటి వెళ్ళండి, హార్స్‌లీ హిల్స్ అయితే మనకి దగ్గర, చీకటి కూడా బాగుంటుంది. నేను అమావాస్య వారంలో అమ్మని తీసుకుని అక్కడికే వెళ్తున్నా, దారిలో పెద్దత్త వాళ్ళ ఊళ్ళో ఆగి ఆ మిగతా సామెతలు రాసుకుని.