ఇండియా వెళ్లే దారిలో లండన్, పద్నాలుగేళ్ల అమ్మాయితో

అమెరికా నుంచి హైదరాబాద్ వెళ్తూ మధ్యలో లండన్‌లో దిగి, రెండు రోజులు ఊరు చూసి పోదామని చాలామంది అనుకుంటారు. ముందు ఇంట్లో పాస్‌పోర్టులు బయటికి తీయండి. మనలాంటి ఇళ్లలో రెండు రంగులవీ ఉంటాయి. అమెరికా పాస్‌పోర్టున్న పిల్లలకు 2025 జనవరి నుంచి ఈటీఏ (బ్రిటన్‌కు బయల్దేరే ముందే తీసుకునే ప్రయాణ అనుమతి) తప్పనిసరి, అది ఆన్‌లైన్‌లో అయిపోతుంది. ఇండియా పాస్‌పోర్టున్న పెద్దవాళ్లు ఊళ్లోకి వెళ్లి రెండు రోజులు ఉండాలంటే విజిటర్ వీసా తీసుకోవాలి, వేలిముద్రలు ఇవ్వాలి. టికెట్లు కొన్నాక ఇది గుర్తొస్తే ఆ టెన్షన్ చెప్పనలవి కాదు.

ఇక అసలు సంగతి. టీనేజ్ పిల్లలతో తిరగాలంటే సగం ప్లాన్ వాళ్ల చేతికి ఇచ్చేయాలి. బిగ్ బెన్, టవర్ బ్రిడ్జ్, బకింగ్‌హామ్ ప్యాలెస్ అని మనం చదువుకుంటూ పోతే, "అవన్నీ ఫొటోల్లో చూశాం కదా నాన్నా" అంటారు. అదీ నిజమే. అందుకే మొదటి రోజు మొత్తం మా అమ్మాయికే వదిలేశాం. మ్యాప్ తనే చూడాలి, దారి తప్పితే తనే అడగాలి, అంతే షరతు. హీత్రూ ఎయిర్‌పోర్టు నుంచి ఎలిజబెత్ లైన్ రైలు ఎక్కించింది కూడా తనే. 11 నుంచి 15 ఏళ్ల పిల్లలకు ట్యూబ్ (లండన్ మెట్రో) స్టేషన్‌లో సిబ్బందిని అడిగితే ఆయిస్టర్ అనే ప్రయాణ కార్డు మీద యంగ్ విజిటర్ డిస్కౌంట్ వేస్తారు, ఛార్జీ సగమవుతుంది. అడగకపోతే ఎవరూ చెప్పరు.

తను ఎంచుకున్నవి థేమ్స్ ఒడ్డున సౌత్‌బ్యాంక్‌లో కుర్రాళ్లు స్కేట్‌బోర్డింగ్ చేసే చోటు, వాటర్‌లూ స్టేషన్ కింద లీక్ స్ట్రీట్ సొరంగం. ఆ సొరంగంలో గోడల మీద ఎవరైనా బొమ్మలు వేయొచ్చు, పోలీసులు పట్టుకోరు. నాకు గ్రాఫిటీ ఒక పట్టాన ఎక్కదు, పైగా స్ప్రే వాసన. కానీ మా కళ్లముందే ఒకతను చక్కని ముఖం బొమ్మ మీద తెల్లరంగు కొట్టి, కొత్తది మొదలుపెట్టాడు. "అయ్యో, చెరిపేస్తున్నాడే" అన్నాను. "ఇక్కడ అంతే నాన్నా" అంది, పెద్ద అనుభవజ్ఞురాలిలా.

రెండో రోజు నాది. నేను అడిగింది బ్రిటిష్ మ్యూజియంలో ఒక్క గంట. ప్రవేశం ఉచితం, శుక్రవారమైతే రాత్రి ఎనిమిదిన్నర దాకా తెరిచే ఉంటుంది. కోహినూర్ చూడాలంటే టవర్ ఆఫ్ లండన్‌కి వెళ్లాలి. టికెట్టు, క్యూ కలిపి పూట గడిచిపోతుంది. ఇంత తక్కువ టైములో అది మానేయడమే మేలు.

మ్యూజియంలో 33ఏ గది మన అమరావతిది. అద్దాల వెనక మహాస్తూపం పలకలు, పల్నాటి సున్నపురాయివి. నేను ఉపన్యాసం మొదలుపెట్టలేదు. పిల్లలకు మూలాలు చూపించాలని తీసుకెళ్లి వాళ్ల మొహంలోకే చూస్తూ నిలబడితే వాళ్లకు ఊపిరాడదు. తనే ఒక పలక దగ్గర ఆగింది. దానికి ఒక వైపు బోధివృక్షం కింద ఖాళీ సింహాసనం, చుట్టూ మొక్కుతున్న జనం. అది క్రీస్తుకు ముందుది. దాదాపు మూడొందల ఏళ్ల తర్వాత అదే రాయికి రెండో వైపు స్తూపం చెక్కారు. "లీక్ స్ట్రీట్ లాగే! కాకపోతే వీళ్లు పాతది చెరపలేదు" అంది.

తర్వాత ప్రశ్నలు. ఇవి ఇక్కడికెలా వచ్చాయి? 1845లో వాల్టర్ ఇలియట్ అనే ఈస్టిండియా కంపెనీ అధికారి తవ్వించి మద్రాసుకు పంపాడు, 1859లో లండన్‌కు ఓడెక్కాయి, 1880లో ఈ మ్యూజియంలో చేరాయి అని చెప్పాను. మరి తిరిగి ఇవ్వరా? 1963 నాటి బ్రిటిష్ మ్యూజియం చట్టం ప్రకారం ట్రస్టీలు వస్తువులను ఇచ్చేయడం అంత తేలిక కాదన్నాను.

"చట్టం కూడా వాళ్లదేగా."

నా దగ్గర జవాబు లేదు. ఉన్నట్టు నటించనూ లేదు. ఆ గదిలో గంట దాటిపోయింది, మధ్యాహ్నం క్యామ్‌డెన్ మార్కెట్‌కు పెట్టుకున్న టైము అందులోనే కరిగిపోయింది, తను గొణగలేదు.

ఆ రాత్రి హోటల్ నుంచి గుంటూరుకు వీడియో కాల్. "తాతయ్యా, మీ ఇంటి నుంచి అమరావతికి బస్సుంటుందా? అక్కడ ఏం మిగిలిందో చూడాలి" అని అడుగుతోంది. మా నాన్నగారు బస్సెందుకు, కారు పెడతానంటారు. తను బస్సే కావాలంటుంది.