క్యాంపులో సంత రోజు

గల్ఫ్‌లో పనిచేసేవాడికి సెలవు దొరికే రోజూ, డబ్బు ఖర్చయ్యే రోజూ ఒకటే. తెల్లవారకముందే లేచి, బస్సెక్కి యార్డుకి వెళ్లి, చీకటి పడ్డాక క్యాంపుకి చేరేవాడికి మిగతా రోజుల్లో తీరిక ఎక్కడిది? ఆ ఒక్కరోజే బట్టలు ఉతుక్కుంటాం, ఇంటికి వీడియో కాల్ చేస్తాం, సాయంత్రం నలుగురం కలిసి బయటపడతాం. బయటపడితే పోవడానికి ఉన్న చోటు షాపింగ్ మాల్. అక్కడ ఏసీ ఉంటుంది, కూర్చోడానికి బెంచీ ఉంటుంది, లోపలికి టికెట్టు అక్కర్లేదు. ఆ ఎండల్లో పార్కులో కూర్చోలేం కదా. కాసేపు చల్లగా తిరిగొద్దామని వెళ్లినవాళ్లం చేతిలో సంచీతో తిరిగొస్తాం. మాల్ దాకా పోని రోజున ఒకటి నుంచి పది దిర్హమ్‌ల షాపు ఉండనే ఉంది. అక్కడ ఏ వస్తువూ ఖరీదు అనిపించదు. బయటికొచ్చాక మొత్తం కూడితేనే గుండె గుభేలుమంటుంది.

నాది ఉద్దానం. సోంపేట దగ్గర పల్లె. దుబాయ్‌లో జబల్ అలీ వైపు ఒక ఫాబ్రికేషన్ యార్డులో పైప్ వెల్డర్‌గా చేస్తున్నాను. మా గదిలో ఒక బరంపురం కుర్రాడు తప్ప అందరం శ్రీకాకుళం జిల్లావాళ్లమే. ఆ కుర్రాడూ మాతో తెలుగే మాట్లాడతాడు. మా వైపు నుంచి వెల్డర్లు, ఫిట్టర్లు, క్రేన్లకి బరువులు కట్టి ఎత్తించే రిగ్గర్లు ఇలా గల్ఫ్‌కి రావడం కొత్తేమీ కాదు. ఏ సైటుకి వెళ్లినా కంచిలివాడో, కవిటివాడో తగులుతాడు.

మందస కుర్రాడొకడు ఫోన్లో ఏదో వీడియో చూసి, "అన్నా, ప్రపంచమంతా ఒకరోజు ఏటీ కొనకుండా ఉంటారట. మనమూ ఉందుమా?" అన్నాడు. విషయం నిజమే. దాన్ని బై నథింగ్ డే అంటారు, ఏమీ కొనని రోజు. 1992లో కెనడాలోని వాంకూవర్‌లో టెడ్ డేవ్ అనే ఆర్టిస్టు మొదలుపెట్టాడు. ఆడ్‌బస్టర్స్ అనే పత్రిక దాన్ని నలుగురిలోకీ తీసుకెళ్లింది. 1997 నుంచి అమెరికా, కెనడాల్లో నవంబరు చివర వచ్చే బ్లాక్ ఫ్రైడే రోజునే దీన్ని పాటిస్తున్నారు. మిగతా చోట్ల ఆ మరుసటి శనివారం. అంటే షాపులు ఏడాదిలోకెల్లా పెద్ద డిస్కౌంట్లు పెట్టే సమయంలోనే పర్సు తీయకుండా కూర్చోవడం అన్నమాట. గల్ఫ్‌లో ఆ సేల్‌ని వైట్ ఫ్రైడే అంటారు. సూక్ డాట్ కామ్ అనే ఆన్‌లైన్ కంపెనీ 2014లో ఆ పేరుతో మొదలుపెట్టింది. అప్పట్లో ఇక్కడ కూలీలకి వారపు సెలవు కూడా శుక్రవారమే. వారమంతా కష్టపడ్డవాడికి దొరికే ఒక్క సెలవు మీదికే అంత పెద్ద సేల్ వచ్చి పడేది. 2022లో ఇక్కడి ప్రభుత్వ ఆఫీసుల సెలవు శని, ఆదివారాలకి మారాక మా కంపెనీ సెలవు కూడా ఆదివారానికి మారింది గానీ, సేల్ మాత్రం ఇప్పుడు వారాల తరబడి సాగుతోంది.

కుర్రాడి మాట మీద గదిలో అందరం ఒప్పుకున్నాం. ఆ శుక్రవారం ఎవరూ ఒక్క దిర్హమ్ తీయలేదు. మెస్సులోనే తిన్నాం, గదిలో పేకాట ఆడాం, రాత్రికి అందరికీ ఏదో సాధించామన్న సంతోషం. సోమవారం సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చేసరికి క్యాంపు గేటు దగ్గర సెక్యూరిటీ టేబుల్ మీద మా గది నంబరు రాసిన పార్సిళ్లు వరసగా పెట్టి ఉన్నాయి. ఇయర్‌బడ్స్, బూట్లు, హెయిర్ ట్రిమ్మర్, చిన్న స్పీకరు. శుక్రవారమంతా మావాళ్లు కొనలేదు నిజమే. ఫోన్లో చూసుకుంటూ ఒక్కొక్కటే కార్ట్‌లో వేసుకున్నారు. శనివారం కొనేశారు. "ఈరోజే ఆఖరు" అని ఫోన్ మోగుతుంటే ఆగేదెవరు?

దీనికి మావాళ్లని తప్పుపట్టలేను. ఒక్కరోజు మానేస్తే మారేది తేదీ మాత్రమే. బియ్యం, సబ్బు ఇవాళ కొనకపోతే రేపు కొనాలి, ఆ లెక్క సరే. అసలు అవసరమే లేని వస్తువు కూడా తేదీ మార్చుకుని వచ్చేస్తుంది, ఎందుకంటే కోరిక అక్కడే ఉంది, ఫోన్ జేబులోనే ఉంది, దానికి తోడు నాలుగు వాయిదాల సౌకర్యం ఒకటి. చేతిలో డబ్బు లేకపోయినా ఆగక్కర్లేదు.

మన దగ్గర ఒక్కరోజు కాదు, ఏకంగా ఒక నెలే ఉండేది. ఆషాఢంలో పెళ్లిళ్లు లేవు, గృహప్రవేశాలు లేవు, కాబట్టి బట్టల షాపుకి పనిలేదు. మరి ఏమైంది? ఆషాఢం సేల్ వచ్చింది. శ్రీకాకుళం, విజయనగరం బజార్లలో ఆషాఢం డిస్కౌంట్ బ్యానర్లు చూడనివాళ్లుండరు. జనం కొనని నెలని షాపులవాళ్లు కొనే నెలగా మార్చేశారు. అదే అక్షయ తృతీయ చూడండి. ఏడాదికి ఒక్కరోజు. ఆ రోజు గ్రాము బంగారమైనా కొనాలన్నది ఇళ్లలో పాతుకుపోయింది. కొనే ఒక్కరోజు అలవాటుగా నిలబడింది, కొనని నెల నిలబడలేదు. కొనమని చెప్పడానికి షాపు ఉంది, ప్రకటన ఉంది, పక్కింటి పిన్ని ఉంది. కొనొద్దని చెప్పడానికి ఎవరున్నారు?

ఇదంతా మాకు మరీ గట్టిగా తగిలేది ఇంకోచోట. మేం కొనేవాటిలో మాకోసం కొనుక్కునేవి తక్కువ. సెలవు మీద ఊరెళ్లే తేదీ ఖాయమయ్యిందంటే లిస్టు మొదలవుతుంది. గొడ్డలి బొమ్మ ఉండే నొప్పుల తైలం, పాలపొడి డబ్బా, సెంటు సీసాలు, బాదం పప్పు, ఖర్జూరం, మెత్తటి దుప్పట్లు, మేనల్లుడికి ఫోను. 2013 ఆగస్టులో మన దేశ ప్రభుత్వం ఫ్లాట్ టీవీలకి డ్యూటీ లేకుండా తెచ్చుకునే వీలు తీసేశాక టీవీల మోత తగ్గింది గానీ, అట్టపెట్టె మీద మార్కర్‌తో పేరు రాసి, తాడు బిగించి, తూకం వేసుకునే గొడవ తగ్గలేదు. "బాబూ, నాకేటొద్దు గానీ పిల్లకి మంచి వాచీ ఒకటి తెచ్చీ" అంటుంది మా వదిన. ఆ మాటలో అత్యాశ ఏమీ లేదు. దుబాయ్ నుంచి వచ్చినవాడు ఇంటికి ఏం తెచ్చాడన్నదాన్ని బట్టే ఊళ్లో వాడి కష్టాన్ని కొలుస్తారు. పైపు లోపల తల దూర్చి రూట్ వెల్డ్ కొట్టడం వాళ్లకి కనపడదు, పెట్టె కనపడుతుంది. అందుకే షాపింగు మానడం మాకు బజారుతో తేలే పని కాదు, ఇంటివాళ్లతో మాట్లాడి తేల్చుకోవాల్సిన పని.

ఇక్కడే నాకు మా అమ్మ సంత గుర్తొచ్చింది. మా చిన్నప్పుడు మా వైపు కొనుగోలంటే వారపు సంతే. ఉప్పు, ఎండుచేప, మిరపకాయలు, కొబ్బరినూనె, నాకు పలక, చెల్లికి రిబ్బన్లు, ఏదైనా ఆ రోజే. డబ్బులు కొంగున ముడేసుకుని వెళ్లేది. సంతకి ముందు ఇంట్లో ఎవరు ఏమడిగినా "సంతకి చూద్దాం" అనేది. కొట్టేది కాదు, తిట్టేది కాదు, లేదనేదీ కాదు. సంత రోజు వచ్చేసరికి మేం అడిగినవాటిలో సగం మేమే మర్చిపోయేవాళ్లం. మిగిలిన సగంలోంచి ముడిలో ఉన్న డబ్బు ఎంతవరకు వస్తే అంతవరకు కొనేది. అంటే మాకు కొనే రోజు వారానికి ఒకటి, మిగతా ఆరు రోజులూ వాటంతటవే కొనని రోజులు. దాన్ని ఎవరూ ఉద్యమం అనలేదు. ఇప్పుడు ఫోన్లో సంత రాత్రి రెండింటికి కూడా తెరిచే ఉంటుంది. ఇలాంటప్పుడు ఏడాదిలో ఒక్కరోజు మూసి ఏం లాభం? మళ్లీ ఒక్కరోజే తెరవాలి.

గదిలో ఈ మాటే పెట్టాను. కవిటి బావ పెద్దవాడు, రిగ్గింగ్ ఫోర్‌మన్. ఆయన సరేనంటే మిగతావాళ్లు వింటారు. "నెలకొక సంత పెడదాం రా, అంతకంటే ఏటొద్దు" అన్నాడాయన. జీతం కార్డులో పడగానే ముందు ఇంటికి పంపాలి. ఆ తర్వాత వచ్చే రెండో ఆదివారం సంత. మధ్యలో ఎవరికి ఏం కావాలనిపించినా గోడకి అంటించిన కాగితం మీద రాయాలి. తిండి, మందులు, ఫోన్ రీచార్జి దీంట్లోకి రావు. కార్ట్‌లో వేయడం కూడా లేదు, కాగితమే. కార్ట్ మనల్ని పిలుస్తూ ఉంటుంది, కాగితం పిలవదు.

వస్తువు పక్కన ధర రాయడం బావ పెట్టిన పద్ధతే. దిర్హమ్‌ల్లో కాదు, ఓవర్‌టైం గంటల్లో. ఇక్కడి చట్టం ప్రకారం మామూలు ఓవర్‌టైంకి గంట జీతానికి పాతిక శాతం కలిపి ఇవ్వాలి. నెలకి బేసిక్ జీతం 1,200 దిర్హమ్‌లున్నవాడికి గంటకి 5 పడుతుంది, ఓవర్‌టైం గంటకి 6.25. అలాంటి కుర్రాడు 120 దిర్హమ్‌ల ఇయర్‌బడ్స్ కావాలని రాస్తే పక్కన 19 గంటలు అని రాయాలి. రోజుకి రెండు గంటల చొప్పున ఆగినా పది రోజులు. ఆగస్టు నెలలో, చెమటకి కవరాల్ ఒంటికి అతుక్కుపోయి, మాస్కు కింద కళ్లు మండుతుంటే చేసిన గంటలు అవి. కుర్రాడు ఆ అంకె వైపు చాలాసేపు చూశాడు. సంత నాటికి తనే కొట్టేశాడు. వాడే ఇంకో నెల మంచి సేఫ్టీ బూట్లకి అంతకంటే ఎక్కువ గంటలు రాసుకుని కొన్నాడు, ఎవరం కాదనలేదు. కాళ్లకి అవసరం.

అలవాట్ల మీద లండన్ యూనివర్సిటీ కాలేజీవాళ్లు 2009లో ఒక అధ్యయనం వెలువరించారు. 96 మందిని చూశారు. కొత్త పని ఒకటి ఆలోచించకుండానే జరిగిపోయే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టిందట. ఒకరికి 18 రోజుల్లోనే వస్తుందంటే ఇంకొకరికి 254 దాకా పడుతుందని వాళ్ల అంచనా. రోజూ ఒకే సందర్భంలో, అంటే టిఫిన్ అయ్యాకనో, భోజనానికి ముందో, అదే పని మళ్లీ మళ్లీ చేయడం వల్ల అలవాటు కుదిరింది. మా గదిలో జరిగింది చూస్తే అది నిజమే అనిపిస్తుంది. జీతం పడిందన్న మెసేజి వస్తే ఇదివరకు చెయ్యి షాపింగ్ యాప్ మీదికి పోయేది. ఇప్పుడు డబ్బు పంపే యాప్ మీదికి పోతోంది. మెసేజి అదే, దాని వెనక జరిగే పని మారింది. ఏడాదికొకసారి వచ్చే రోజుకి ఈ బలం ఎక్కణ్నుంచి వస్తుంది?

మానడం ఒక్కటే ఉంటే ఎంతకాలమో నిలబడదు, దాని స్థానంలో ఇంకొకటి ఉండాలి. సహాయ నిరాకరణ ఉద్యమంలో విదేశీ బట్ట వద్దన్నవాళ్లు చేతికి రాట్నం ఇచ్చారు. మా జిల్లాలోనే పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి ఏకి, సన్న నూలు వడికి ఖద్దరు నేశారు, ఇవాళ్టికీ నేస్తున్నారు. మా సెలవు రోజుకి కూడా ఏదో ఒకటి కావాల్సొచ్చింది, లేకపోతే సాయంత్రానికి కాళ్లు మాల్ వైపే పోతాయి. ఇప్పుడు సంత కాని ఆదివారాల్లో అందరం కలిసి వండుకుంటాం. ఉలవచారో, రొయ్యల కూరో, ఒక్కో వారం ఒక్కొక్కరి వంతు. చల్లబడ్డాక క్యాంపు వెనక ఖాళీ స్థలంలో వాలీబాల్. దీనికీ ఖర్చు ఉంది, రొయ్యలు చవక కాదు. అయినా నలుగురికీ కడుపు నిండుతుంది, పెట్టెలో మూలుగుతూ పడి ఉండేది ఏదీ మిగలదు.

నాకు ఇందులో ఇంత పట్టుదల ఎందుకంటే తిత్లీ తుఫాను మా ఇళ్లని ఏం చేసిందో తెలుసు కాబట్టి. 2018 అక్టోబరు 11న తుఫాను పలాస దగ్గర్లో తీరం దాటినప్పుడు నేను దుబాయ్‌లోనే ఉన్నాను. మా కొబ్బరి చెట్లు, జీడి తోట పడిపోయాయి. కొత్త కొబ్బరి మొక్క కాపుకి రావాలంటే ఐదారేళ్లు ఆగాలి. ఆ మధ్యకాలం మా వైపు ఎన్నో ఇళ్లు వలసవెళ్లినవాళ్ల డబ్బుతోనే నడిచాయి. ఇంటి కప్పు వేయించడానికి చేతిలో పదివేలు ఉన్నవాడికీ, అంతకుముందు వెకేషన్‌లో పెట్టెల నిండా సామాను తెచ్చి అప్పు మిగిల్చుకున్నవాడికీ తేడా అప్పుడు తెలిసింది. దుప్పట్లు తడిసి పాడయ్యాయి, ఫోన్లు ఛార్జింగుకి కరెంటు లేదు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఉన్న ఇళ్ల సంగతి చెప్పక్కర్లేదు. డయాలసిస్‌కి తిరిగే ఇంట్లో ఆటో ఖర్చులకి చేతిలో రొక్కం ఉండటం ఎంత ధైర్యమో మా ఊళ్లో చాలామందికి అనుభవం.

గదిలో ఇద్దరు ఇంకా ఈ పద్ధతిలోకి రాలేదు. ఒకడికి త్వరలో పెళ్లి, ఇప్పుడు కాకపోతే ఎప్పుడు కొనాలంటాడు. వాడి మాటలోనూ న్యాయం ఉంది. మేం బలవంతపెట్టడం లేదు. మా వదిన మాత్రం ఇప్పుడు నాకు కావాల్సిన వస్తువుల స్క్రీన్‌షాట్లు పంపడం మానేసింది. గోడ మీది కాగితం ఫోటో పంపిస్తే, గంటల లెక్క చదివి, "ఇదేటి బాబూ, వాచీకి ఇన్ని గంటలా" అంది. తర్వాత తనే ఇంట్లో క్యాలెండర్ వెనక ఒక లిస్టు మొదలుపెట్టింది. వచ్చే వెకేషన్‌కి అందులోంచి ఏవి తేవాలో, ఏవి సోంపేటలోనే కొనుక్కుంటే చాలో అన్నయ్యా తనూ కూర్చుని గుర్తులు పెట్టి పంపుతామన్నారు.