811ఏల జోడీకి పాత డీఎక్స్-60

ఎండ ఎక్కితే మిద్దె మీది గదిలో కూర్చోలేం, అనంతపురంలో ఏప్రిల్ అంటే అంతే. అందుకే తెల్లవారగానే హీత్‌కిట్ డీఎక్స్-60 అనే హ్యామ్ రేడియో ట్రాన్స్‌మిటర్‌ని ముందేసుకున్నా. 1962 నాటి మోడల్, చివర్లో ఒకే ఒక్క 6146 వాల్వు, ఇన్‌పుట్ 90 వాట్లు. అమెరికా సరుకు కాబట్టి వోల్టేజ్ తగ్గించే స్టెప్‌డౌన్ మీదే నడవాలి, మన 50 హెర్ట్జ్‌కి లోపలి ట్రాన్స్‌ఫార్మర్ కాస్త ఎక్కువే కాగుతుంది.

పేచీ అంతా దీనికీ నేను కట్టుకున్న లీనియర్‌కీ (పవర్ పెంచే యాంప్లిఫయర్) మధ్యే. అందులో రెండు 811ఏ వాల్వులు, గ్రిడ్లు ఎర్త్‌కి కట్టేసి డ్రైవ్ ఫిలమెంట్ వైపు నుంచి ఇస్తాం. డమ్మీ లోడ్ (యాంటెనా బదులు పెట్టే రెసిస్టర్) మీద ట్రాన్స్‌మిటర్ చక్కగా డిప్ (ట్యూన్ కుదిరినప్పుడు ప్లేట్ కరెంట్ పడిపోవడం) చూపిస్తుంది, అదే యాంప్‌కి కలిపితే డిప్ ఎక్కడుందో వెతుక్కోవాలి, మధ్యలో పెట్టిన ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు (రెండింటికీ ఎంత పొంతన కుదిరిందో చెప్పేది, ఒకటైతే పూర్తిగా కుదిరినట్టు) మూడు దగ్గర కూర్చుంటుంది. వాల్వుల ఇన్‌పుట్ 50 ఓమ్‌లకు బాగా పైన ఉండటం ఒక్కటే అయితే ఏదోలా సరిపెట్టొచ్చు. అసలు చిక్కేమిటంటే క్లాస్ బీలో వాల్వు సైకిల్లో సగం సేపే డ్రైవ్ తీసుకుంటుంది, మిగతా సగం అటు లోడే లేనట్టు. కాలు ఆగినా కుట్టుమిషన్ చక్రం సూదిని ఆడించినట్టు ఆ సగాన్ని ఏదో ఒకటి లాక్కుపోవాలి, ఆ పని చేసేది ఇన్‌పుట్‌లో పెట్టే పై (π ఆకారపు) సర్క్యూట్, ఒక కాయిలు, రెండు కెపాసిటర్లు.

ఆ సర్క్యూట్ క్యూ (ట్యూనింగ్ ఎంత పదునో చెప్పే అంకె) రెండు అనుకుంటే 7.1 మెగాహెర్ట్జ్ దగ్గర ట్రాన్స్‌మిటర్ వైపు సుమారు 900 పికోఫారడ్‌లు కావాలి. 470, 330, 100 సిల్వర్ మైకా కెపాసిటర్లు పక్కపక్కనే పెట్టి సోల్డర్ చేశా. తర్వాత మిగిలింది కాయిలే. చుట్లను గోటితో కాస్త విడదీయడం, మళ్లీ దగ్గరికి నొక్కడం, చేయి పెట్టే ప్రతిసారీ హెచ్‌టీ (ప్లేట్లకిచ్చే హై వోల్టేజ్) ఆపి, కర్రకు కట్టిన ఎర్త్ తీగని ఫిల్టర్ కెపాసిటర్‌కి తాకించడం. కెపాసిటర్‌ని ఖాళీ చేసే బ్లీడర్ రెసిస్టర్ ఉంది కదా అని 1,500 వోల్టుల దగ్గర ధీమాగా ఉండటం నా వల్ల కాదు. ఎస్‌డబ్ల్యూఆర్ ముల్లు మెల్లగా దిగి 1.2 దగ్గర ఆగింది, డిప్ కూడా దాని చోటికి అది వచ్చేసింది.

మేనల్లుడు కాఫీ తెచ్చి యాంప్ పవర్ మీటరు వైపు చూసి, "మామా, ముల్లు సగంలోనే ఉంది, ఇంకా ఎక్కించొచ్చు కదా" అన్నాడు. మోర్స్‌కైతే ఎక్కించొచ్చురా, మనం మాట్లాడేది ఏఎమ్‌లో, తరంగం ఎత్తును మాటతో మార్చే పద్ధతిలో అన్నా. పూర్తి మాడ్యులేషన్‌లో పీక్ పవర్ క్యారియర్‌కి (మాట మోసే మూల తరంగం) నాలుగు రెట్లు. యాంప్ 240 వాట్ల దాకా శుభ్రంగా ఇస్తుందనుకుంటే క్యారియర్ 60 దాటకూడదు, దాటితే పీకులు తెగి పక్క ఫ్రీక్వెన్సీల వాళ్లు తిట్టుకుంటారు. పైగా ఆ 60 కోసం ప్లేట్లలో దాదాపు 120 వాట్లు వేడిగా పోతాయి, జోడీ భరించేదే 130. డీఎక్స్-60ది కంట్రోల్డ్ క్యారియర్, అంటే మాటను బట్టి క్యారియర్ మారేది కాబట్టి మాట ఆపినప్పుడు అదే తగ్గుతుంది, వాల్వులకు ఆ మాత్రం ఊపిరి.

"మరి ఇంత కష్టం దేనికి?" అన్నాడు వాడు. పవర్ నాలుగింతలైతే అటువైపు రిసీవర్ మీటర్లో ఒక ఎస్ యూనిట్ (సిగ్నల్ బలం కొలత) పెరుగుతుంది, అంతే. వాడికది కొంచెమే అనిపించింది, మధ్యాహ్నం 40 మీటర్ల బ్యాండ్ (7 మెగాహెర్ట్జ్) గోలలో ఆ ఒక్కటే చాలా పని చేస్తుంది.

పది దాటేసరికి లైను వోల్టేజ్ పడిపోయింది, ఫిలమెంట్లకు 6.3 వోల్టులకు బదులు 5.8. అన్నీ ఆపేశా. యాంటెనా మార్చే రిలే పడ్డాకే ఆర్‌ఎఫ్ (రేడియో పవర్) వచ్చేలా సీక్వెన్స్ చేయాలి, లేకపోతే కాంటాక్టులు కాలిపోతాయి. అది సాయంత్రం చూస్తా, కరెంటు సరిగా ఉంటే.