చూపంతా గేజ్ మీదే

హెలికాప్టర్‌లో ఇంజిన్ ఆగిపోయినా ఓ దారి మిగిలే ఉంటుంది. పైలట్ వెంటనే పైనున్న రోటర్ రెక్కల వాలు మార్చే కలెక్టివ్ లివర్ దించేస్తే, కిందికి జారుతున్నప్పుడు ఎదురొచ్చే గాలే రోటర్‌ని తిప్పుతుంది. ఆ తిరుగుడు తగ్గకుండా చూసుకుంటూ నేల దగ్గరకొచ్చి, చివరి క్షణంలో లివర్ ఎత్తి మెల్లగా కూర్చోబెట్టొచ్చు. దీన్నే ఆటోరొటేషన్ అంటారు. మెయిన్ గేర్‌బాక్స్ బిగుసుకుపోతే మాత్రం ఆ దారి కూడా మూసుకుపోయినట్టే. నిమిషానికి వేల చుట్లు తిరిగే టర్బైన్ వేగాన్ని మూడు నాలుగు వందల చుట్లకు దించి రోటర్‌కి ఇచ్చేది ఆ పెట్టే. దాన్ని బతికించేది లోపల తిరిగే నూనె. కాబట్టి గేర్‌బాక్స్ ఆయిల్ ప్రెషర్ దగ్గర తేడా కనిపిస్తే కాక్‌పిట్‌లో ఇద్దరి కళ్లూ అక్కడికే పోతాయి. అది సహజం. అసలు ప్రమాదం కూడా అక్కడే మొదలవుతుంది.

2009 సెప్టెంబర్ 2 ఉదయం 8:38కి బేగంపేట నుంచి లేచిన బెల్ 430 సంగతి తెలుగువాళ్లెవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డితో కలిపి మొత్తం అయిదుగురు అందులో చిత్తూరు జిల్లాకు బయల్దేరారు. సుమారు 9:27కి నల్లమలలో పావురాలగుట్ట దగ్గర అది కూలింది. మర్నాడు ఉదయం దాకా ఆచూకీ తెలియలేదు. దాని మీద వచ్చినన్ని పుకార్లు మన దగ్గర మరే ప్రమాదం మీదా రాలేదేమో. ఆర్.కె. త్యాగి నేతృత్వంలోని విచారణ కమిటీకి మాత్రం విద్రోహం జాడ కనబడలేదు. కమిటీ చూపించిన కారణం ఉరుముల మబ్బు కింద ఉండే బలమైన దిగుడు గాలి. హెలికాప్టర్ అందులో చిక్కుకుని అదుపు తప్పింది. పుకార్ల హోరులో మరుగున పడిన ఇంకో మాట కూడా ఆ నివేదికలో ఉంది. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ సిస్టమ్‌లో కనిపించిన ఓ తేడాకి ఏం చేయాలో ఫ్లైట్ మాన్యువల్‌లో వెతుక్కోవడానికే సిబ్బందికి ఆరు నిమిషాలకు పైగా పట్టింది.

ఆరు నిమిషాలంటే ఎంత? గంటకు 240 కిలోమీటర్ల వేగం అనుకుంటే 24 కిలోమీటర్లు. బేగంపేట రన్‌వే నుంచి శంషాబాద్ రన్‌వేకి గాల్లో గీత గీస్తే ఇంచుమించు అంతే వస్తుంది. అంటే ఒక విమానాశ్రయం నుంచి ఇంకోదానికి చేరేంత దూరం ఒకరి కళ్లు పుస్తకంలోనే ఉన్నాయి, రెండోవాళ్ల మనసులో సగం అక్కడే ఉంది. కింద నల్లమల, ముందు శ్రావణ భాద్రపదాల మబ్బు.

ఆ మబ్బు గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి. క్యుములోనింబస్ అంటే నల్లగా కనిపించే మామూలు వానమబ్బు కాదు. లోపల ఒక పక్క గాలి జోరుగా పైకి పోతుంటుంది. ఇంకో పక్క వాన చినుకులు ఆవిరవుతూ చుట్టూ ఉన్న గాలిని చల్లబరుస్తాయి. చల్లబడి బరువెక్కిన ఆ గాలి నిమిషానికి వేల అడుగుల చొప్పున కిందికి కుమ్మరిస్తుంది. మామూలు హెలికాప్టర్ పూర్తి పవర్ ఇచ్చినా నిమిషానికి వెయ్యి, పదిహేను వందల అడుగులకు మించి ఎక్కలేదు. లెక్క అక్కడే తప్పిపోతుంది. కింద మైదానమైతే నేల దగ్గర ఆ గాలి పక్కలకు విడిపోతుంది, కొంత ఊపిరి తీసుకునే చోటుంటుంది. కింద కొండలుంటే ఆ చోటు కూడా దొరకదు.

వెదర్ రాడార్‌ని గుడ్డిగా నమ్మడానికీ లేదు. చిన్న విమానాల్లో, హెలికాప్టర్లలో ఉండే రాడార్ తరంగాలు జోరువానలో నుంచి వెళ్లేటప్పుడు నీరసపడతాయి. ముందున్న వాన ఎర్రగా కనిపిస్తుంది, దాని వెనక ఇంకా పెద్ద వాన ఉన్నా తెర మీద ఖాళీగా చూపించొచ్చు. రెండు ఎర్ర మచ్చల మధ్య సందు కనబడిందని దూరితే అవతల దారి ఉంటుందన్న హామీ లేదు. తీవ్రమైన ఉరుముల మబ్బుకి కనీసం 20 నాటికల్ మైళ్లు, అంటే 37 కిలోమీటర్లు, ఎడంగా పోవాలని పైలట్లకు నేర్పేది అందుకే. అంత చుట్టు తిరగడం కుదరకపోతే వెనక్కి తిరగాలి, లేదా దిగిపోవాలి. ఈ నిర్ణయం తీసుకోవడానికి తీరిక కావాలి. ఆ తీరిక కాస్తా మాన్యువల్ పేజీలకి పోయింది.

మరి ఆయిల్ ప్రెషర్‌ని పట్టించుకోకూడదా అంటే, అదే ఏడాది మార్చి 12న కెనడా తూర్పు తీరంలో జరిగింది చూడాలి. సముద్రంలోని చమురు బావుల దగ్గరికి 18 మందితో వెళ్తున్న సికోర్‌స్కీ ఎస్-92ఏ అది. గేర్‌బాక్స్ ఆయిల్ ఫిల్టర్ గిన్నెని పట్టి ఉంచే మూడు టైటానియం స్టడ్లలో (మరలు చెక్కిన కడ్డీల్లో) రెండు విరిగాయి. ఫిల్టర్ మార్చినప్పుడల్లా నట్లు విప్పి బిగిస్తుంటే మరలు గీరుకుపోతూ వచ్చాయి, దాంతో బిగింపు సరిగా నిలవలేదు, ఊగిసలాటకి స్టడ్లకి అలసట పగుళ్లొచ్చాయి. నూనె మొత్తం కారిపోయింది. ప్రెషర్ 5 పి.ఎస్.ఐ. కన్నా తక్కువకి పడిపోతే వెంటనే దిగిపొమ్మని మాన్యువల్ చెబుతోంది. సిబ్బంది మాత్రం నూనె లేకపోయినా గేర్‌బాక్స్ అరగంట నడుస్తుందన్న నమ్మకంతో 800 అడుగుల ఎత్తులో తీరం వైపు మళ్లారు. హెచ్చరిక వెలిగిన పదకొండు నిమిషాలకు టెయిల్ రోటర్‌కి తిప్పుడు అందించే పళ్లచక్రాలు పాడైపోయి హెలికాప్టర్ సముద్రంలో పడింది. ఒక్కరే బతికారు. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఆ స్టడ్ల సంగతి. ముందు ఏడాది జులైలో ఆస్ట్రేలియాలో ఇలాంటి స్టడ్డే విరిగింది. టైటానియం తీసేసి ఉక్కువి వేయమని 2009 జనవరిలో కంపెనీ బులెటిన్ కూడా పంపింది, కాకపోతే 1,250 గంటలు లేదా ఏడాది గడువిచ్చింది. ఆ గడువు తీరకముందే పదిహేడు మంది పోయారు.

ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే గేర్‌బాక్స్ నూనె విషయంలో పైలట్లకు నేర్పే పద్ధతి ఎందుకలా ఉంటుందో అర్థమవుతుంది. ప్రెషర్‌ని ఒంటరిగా చూడకూడదు, పక్కనే టెంపరేచర్ చూడాలి. ప్రెషర్ తగ్గింది, వేడి మామూలుగానే ఉంది, హెచ్చరిక దీపం వెలగలేదు అంటే సెన్సర్ తప్పయ్యే అవకాశం ఉంది. దగ్గర్లో మంచి చోటు చూసుకుని నిదానంగా దిగొచ్చు. ప్రెషర్ పడుతూ వేడి ఎక్కుతుంటే దొరికిన మొదటి చదును నేల మీద దిగాలి. ప్రెషర్ సున్నా దగ్గరకొచ్చి, దానికి తోడు మోత, అదురు మొదలైతే ఇక కింద నీళ్లున్నా, పొలమున్నా దిగిపోవాల్సిందే. మాన్యువల్‌లో ఈ మూడింటికీ మూడు వేరు వేరు మాటలుంటాయి, ల్యాండ్ యాజ్ సూన్ యాజ్ ప్రాక్టికల్, ల్యాండ్ యాజ్ సూన్ యాజ్ పాసిబుల్, ల్యాండ్ ఇమీడియట్లీ అని. ఒకదాని బదులు ఇంకోటి అనుకుంటే ప్రాణం మీదికొస్తుంది. మొత్తం చూసుకోవడానికి అర నిమిషం చాలు, పేజీ చేతికి అందేట్టు ఉంటే. లావుపాటి ఫ్లైట్ మాన్యువల్ వేరు, అంచులకు ట్యాబ్‌లు అంటించి అత్యవసరాలు మాత్రమే ఉంచిన పల్చటి క్విక్ రిఫరెన్స్ హ్యాండ్‌బుక్ వేరు. గాల్లో తెరవాల్సింది రెండోదే.

చిన్న లోపం ఇద్దరి, ముగ్గురి చూపునీ మింగేయడం హెలికాప్టర్లతో మొదలైంది కాదు. 1972 డిసెంబర్ 29 రాత్రి అమెరికాలోని మయామీ దగ్గర ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ ఎల్-1011 దిగడానికి వస్తోంది. ముక్కు చక్రం దిగినట్టు చూపించే పచ్చ దీపం వెలగలేదు. చక్రం దిగే ఉంది, మాడిపోయింది బల్బు. పైలట్లు 2,000 అడుగుల ఎత్తులో ఆటోపైలట్ పెట్టి, ఊరి దీపాలకు దూరంగా ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల మీదికి తిప్పారు. కో-పైలట్ ఆ దీపం బిళ్లని పీకి, తిరిగి పెట్టబోతే అది అడ్డంగా ఇరుక్కుంది. చక్రాన్ని కంటితో చూసి రమ్మని ఫ్లైట్ ఇంజినీర్‌ని కింద గదిలోకి పంపారు. ఈ గొడవలో కంట్రోల్ కాలమ్‌కి ఎవరి చెయ్యో, ఇంకేదో తగిలి ఆటోపైలట్‌లో ఎత్తు నిలిపే పట్టు వదిలింది. విమానం జారడం మొదలుపెట్టింది, ఒంటికి తెలియనంత మెల్లగా. 1,750 అడుగుల దగ్గర ఒక గంట మోగింది. అది మోగింది ఇంజినీర్ బల్ల దగ్గర. ఆయన సీట్లో లేరు. రాడార్ తెర మీద 900 అడుగులని చూసిన కంట్రోలర్ ఎత్తు సంగతి ఎత్తకుండా, అక్కడ పనెలా సాగుతోందని మాత్రం అడిగారు. బయట కటిక చీకటి. ఎత్తులో ఏదో తేడా చేశామని కో-పైలట్ అన్న కొన్ని క్షణాలకే నేలకు తగిలింది. 101 మంది చనిపోయారు.

ఆరేళ్ల తర్వాత, 1978 డిసెంబర్ 28న, పోర్ట్‌లాండ్ దగ్గర యునైటెడ్ డీసీ-8 చక్రాల అనుమానంతో గంట సేపు చుట్లు కొట్టి, ఇంధనం అయిపోయి కూలింది. ఇంధనం తగ్గుతోందని ఇంజినీర్ చెప్పారు, కానీ కెప్టెన్ చెవికెక్కేలా చెప్పలేకపోయారు. ఆ పది మంది చావులు చూశాకే 1981లో ఆ సంస్థ సీఆర్ఎం (క్రూ రిసోర్స్ మేనేజ్‌మెంట్) శిక్షణ మొదలుపెట్టింది. కాక్‌పిట్‌లో పెద్ద చిన్న తేడా లేకుండా మాట్లాడటం, విన్నది పట్టించుకోవడం అందులో నేర్పుతారు.

ఆ శిక్షణలో మొదటి అడుగు ఎవరు ఏం చూస్తారో పైకి అనేయడం. కెప్టెన్ "ఐ హ్యావ్ కంట్రోల్" అంటారు, రెండోవాళ్లు "యూ హ్యావ్ కంట్రోల్" అని బదులిస్తారు. నడిపేవాళ్లు ఎత్తు, వేగం, దిశ, ముందున్న మబ్బు తప్ప ఇంకోటి ముట్టుకోకూడదు. రెండోవాళ్లు చెక్‌లిస్ట్ పైకి చదువుతూ చేయాలి. పేజీ దొరక్కపోతే ఆ మాటా పైకి చెప్పాలి, ఎంతసేపు వెతకాలో ముందే అనుకోవాలి, దాటితే పుస్తకం మూసేసి దిగే చోటు చూసుకోవాలి. మన దగ్గర వీఐపీ హెలికాప్టర్లలో ఇద్దరు పైలట్లుంటారు కదా భద్రమే అనుకుంటాం. పని పంచుకోకపోతే ఇద్దరున్నా ఒక్కరున్నట్టే.

అలాగని ప్రతిదాన్నీ చూపు మీదికి నెట్టేస్తే తప్పవుతుంది. 2009లోనే జులై 31న దుండిగల్ వైమానిక దళ అకాడమీకి చెందిన హెచ్‌పీటీ-32 దీపక్ మెదక్ జిల్లాలో కూలి ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లు చనిపోయారు. శిక్షణలో మొదటిమెట్టు విమానం అది, పిస్టన్ ఇంజిన్, ఎజెక్షన్ సీట్లు లేవు. గాల్లో ఇంజిన్ ఆగడం దాని పాత జబ్బు. ఆగాక గ్లైడ్ చేస్తుందా అంటే దూరం పోదు. ఇంజిన్ ఆగితే చేయాల్సిన వరుస అందరికీ కంఠతా వచ్చు. ముందు ముక్కు దించి గ్లైడ్ వేగం పట్టుకో, పొలం ఎంచుకో, ఎత్తు మిగిలితే ఫ్యూయల్ పంప్, ఇగ్నిషన్ చూసి మళ్లీ స్టార్ట్ చేయి. తక్కువ ఎత్తులో ఆ వరుసలో రెండో మెట్టు దాటడానికే సమయం ఉండదు. మొత్తం 17 దీపక్‌లు కూలి 19 మంది పైలట్లు పోయాకే ఆ విమానాలను నేలకి దించారు. 2013లో స్విట్జర్లాండ్ నుంచి పిలాటస్ పీసీ-7 మార్క్ 2 వచ్చేదాకా కొత్త క్యాడెట్లు మొదటి పాఠాలు కూడా కిరణ్ జెట్ మీదే నేర్చుకున్నారు. దీపక్ ప్రమాదాల్లో ఏ ఒక్కదాన్నయినా పైలట్ తప్పిదం అనేసి పక్కన పెట్టి ఉండొచ్చు. పదిహేడూ వరసగా పెడితేనే యంత్రం బయటపడుతుంది.

"పైలట్ తప్పిదం" అన్న మాటతో నా పేచీ ఇదే. 2021 డిసెంబర్ 8న కూనూరు దగ్గర ఎంఐ-17వీ5 కూలి జనరల్ బిపిన్ రావత్‌తో సహా 14 మంది చనిపోయారు. వారిలో మన చిత్తూరు జిల్లా జవాను కూడా ఉన్నారు. దాని మీద వైమానిక దళం చెప్పింది ఒక పూర్తి వాక్యం. లోయలో వాతావరణం అనుకోకుండా మారి హెలికాప్టర్ మబ్బులోకి వెళ్లింది, పైలట్‌కి దిక్కు తెలియకుండా పోయింది, అదుపులో ఉండగానే నేలకి తగిలింది. మబ్బులోకి వెళ్తే చెవి లోపలి ద్రవం చెప్పే అబద్ధాన్ని ఒళ్లు నమ్మేస్తుంది, ఒక పక్కకి ఒరుగుతున్నా నిటారుగానే ఉన్నామనిపిస్తుంది. 1954లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వాళ్లు పరికరాలు చూసి నడపడంలో శిక్షణ లేని 20 మంది పైలట్లను పరీక్షిస్తే, బయటి చూపు పోయాక విమానం అదుపు తప్పడానికి సగటున 178 సెకన్లు పట్టింది. శిక్షణ ఉన్నవాళ్లు బతికి బయటపడేది పరికరాలను నమ్మి, దగ్గర్లోని కొండ కన్నా ఎత్తుకి వెంటనే ఎక్కగలిగితేనే. లోయలో తక్కువ ఎత్తులో, ఒక దారిని కంటితో పట్టుకుని వెళ్తున్నవాళ్లకి ఆ రెండింటికీ కావాల్సిన క్షణాలు దొరకవు.

ఆ వాక్యంలో లోయ ఉంది, మబ్బు ఉంది, చెవి మోసం ఉంది. వీటిలో ప్రతిదానికీ విడివిడిగా చేయదగ్గ పని ఉంది. లోయల్లో వాతావరణం చూసి చెప్పే కేంద్రం పెట్టొచ్చు, ఎంత మబ్బుంటే బయల్దేరకూడదో ముందే రాసుకోవచ్చు, మబ్బులో చిక్కితే ఎటు తిరిగి ఎంత ఎత్తుకి ఎక్కాలో లేవకముందే అనుకోవచ్చు. 2024 డిసెంబర్‌లో పార్లమెంటు రక్షణ స్థాయీ సంఘం 2017-22 మధ్య వైమానిక దళ ప్రమాదాలను ఒక పట్టికగా ఇచ్చింది. అందులో ఇదే ప్రమాదానికి ఎదురుగా కారణం గడిలో "మానవ తప్పిదం, సిబ్బంది" అని మాత్రమే ఉంది. పట్టికలో మొత్తం 34 వరుసలు. కూనూరుది 33వది.